మోసం లేని జూదం

జూదంలో మోసం చేసినవాణ్ణి పట్టుకుంటే న్యాయం జరిగినట్టేనా? చాలామంది ఈ ప్రశ్నకు వెంటనే "అవును" అంటారు. మోసం తప్పు, తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టటం ఒప్పు, ఇందులో ఆలోచించటానికేముంది అని వాళ్ళ ఉద్దేశం. ఆలోచించవలసింది చాలా ఉన్నదని నా అభిప్రాయం. ఒక జపాను బొమ్మల కథను ఆధారం చేసుకుని ఆ విషయం పరిశీలిద్దాం.

ఆ కథ పేరు "కాకెగురుయి". జూదపు పిచ్చి అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. రచన కవామోతో హొమురాది, బొమ్మలు నవోమురా తోరువి. 2014లో ఒక మాసపత్రికలో ధారావాహికగా మొదలైంది. 2017లో యానిమేగా వచ్చి దేశదేశాల యువకుల్ని ఆకర్షించింది. కథ జరిగేది హ్యక్కావో అనే ఒక ప్రైవేటు విద్యాలయంలో. అక్కడ చదివేవాళ్ళు సంపన్నుల పిల్లలు, అధికారంలో ఉన్నవారి పిల్లలు. చదువులో వచ్చే మార్కులకు అక్కడ విలువ లేదు. జూదంలో ఎవరెంత గెలిచారు, విద్యార్థి సంఘానికి ఎంత సొమ్ము చెల్లించారు అన్నదాన్ని బట్టే అంతస్తులు ఏర్పడతాయి. చెల్లించలేనివాళ్ళు "పెంపుడు జంతువులు" అవుతారు. మగపిల్లవాడైతే పోచి అంటారు, అది అక్కడ కుక్కకు పెట్టే పేరు. ఆడపిల్లయితే మికే అంటారు, అది పిల్లి పేరు. మెడలో పలక వేలాడుతుంది. తోటి విద్యార్థులు వాళ్ళచేత ఎంత నీచమైన చాకిరీ అయినా చేయించుకోవచ్చు.

ఈ బడిలోకి జబామి యుమెకో అనే అమ్మాయి కొత్తగా వచ్చి చేరుతుంది. ఆమెను మొట్టమొదట ఆటకు పిలిచినది సావొతోమె మేరీ అనే తోటి విద్యార్థిని. ఆట చూడటానికి పసిపిల్లల ఆటే. తరగతిలోని వాళ్ళందరూ తలా ఒక ముక్క మీద రాయో, కాగితమో, కత్తెరో గీసి పెట్టెలో వేస్తారు. ఆడే ఇద్దరూ చెరి మూడు ముక్కలూ తీసుకుని, అందులో ఒకటి పందెంలో దించుతారు. రాయి కత్తెరను గెలుస్తుంది, కత్తెర కాగితాన్ని, కాగితం రాయిని. అంతా అదృష్టమే అనిపిస్తుంది. నిజానికి తరగతిలో ఎక్కువమంది మేరీ చెప్పిన బొమ్మే గీస్తున్నారు. పెట్టెలో ఏ ముక్క ఎక్కువుందో మేరీకి తెలుసు, ఎదుటి మనిషికి తెలియదు. యుమెకో ఈ తొండి కనిపెడుతుంది, అందరి ముందూ బయటపెడుతుంది, పెద్ద పందెం ఒడ్డి మేరీని ఓడిస్తుంది. మేరీ అప్పులపాలై తానే "మికే" అవుతుంది.

చదివేవాడికి ఇక్కడ తృప్తి కలుగుతుంది. పొగరుబోతుకు తగిన శాస్తి జరిగిందనిపిస్తుంది. అయితే ఈ శాస్తి వల్ల ఆ బడిలో ఏం మారిందో లెక్క చూద్దాం. విద్యార్థి సంఘానికి చెల్లింపులు అలాగే ఉన్నాయి. అంతస్తులు అలాగే ఉన్నాయి. మెడలో కట్టే పలక కూడా ఉంది, అది ఇప్పుడు మేరీ మెడలో ఉంది. నిన్నటిదాకా ఆమె చెప్పిన బొమ్మ గీసిన పిల్లలే ఇవాళ ఆమెను హింసిస్తున్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు.

వాళ్ళను అడగకపోవటం చిన్న విషయం కాదు. మేరీ ఒంటరిగా ఈ మోసం చెయ్యలేదు, చెయ్యలేదు గూడా. తరగతి సహకరించకపోతే ఆ పెట్టె మామూలు పెట్టె. సహకరించినవాళ్ళందరూ ఒకే రకంవాళ్ళని నేననను. సుజుయి ర్యోతా అనే కుర్రవాడు మేరీకి బాకీపడి అప్పటికే "పోచి" అయి ఉన్నాడు. అతను కాదనగల స్థితిలో లేడు. కొందరికి మేరీతో స్నేహం వల్ల లాభముంది. మరికొందరు, మనకెందుకులే అని గీసి ఉంటారు. అప్పులో చిక్కి చేసినవాడి తప్పూ, లాభానికి చేసినవాడి తప్పూ, నిర్లక్ష్యంగా చేసినవాడి తప్పూ ఒకే తూకం తూగవు. ఈ తూకం వెయ్యటమే నీతి విచారణ చెయ్యవలసిన పని. దొంగ ఒక్కతే దొరికింది కనక ఆ పని చెయ్యనవసరం లేకుండా పోయింది. ఒక్కరికి శిక్షపడితే మిగిలినవాళ్ళ ఖాతాలన్నీ చెల్లయిపోతాయి. మోసగాణ్ణి పట్టివ్వటంలో తరగతికి ఉన్న సౌకర్యం ఇది.

డచ్చి చరిత్రకారుడు హొయిజింగా 1938లో ప్రచురించిన "హోమో లూడెన్స్" అనే గ్రంథంలో ఆట స్వభావాన్ని చర్చిస్తూ ఒక మంచి తేడా చూపించాడు. తొండి ఆడేవాడు వేరు, ఆట చెరిపేవాడు వేరు. తొండి ఆడేవాడు ఆట నియమాల్ని లోలోపల ఉల్లంఘిస్తూనే పైకి వాటిని గౌరవిస్తాడు. ఆట చెరిపేవాడు ఆ నియమాల్నే కాదంటాడు, ఆట అనే లోకాన్నే కూలగొడతాడు. కనకనే సంఘం తొండి ఆడేవాణ్ణి కొంత సహిస్తుంది గాని ఆట చెరిపేవాణ్ణి ఏమాత్రమూ సహించదు. మన వీధుల్లో గోళీలాడే పిల్లల్లోనూ ఇది చూడవచ్చు. తొండి చేసినవాడితో పోట్లాడి మళ్ళీ వాడితోనే ఆడతారు. బరి చెరిపి వెళ్ళిపోయినవాణ్ణి మాత్రం రెండో రోజు రానివ్వరు.

ఈ తేడాను బట్టి చూస్తే యుమెకో ఏ కోవకు చెందుతుంది? ఆమె తొండిని బయటపెట్టింది గాని ఆటను చెరపలేదు. పైగా అంత పెద్ద పందెం ఒడ్డటంలో ఆమెకు దొరికిన ఆనందం మేరీ ఎన్నడూ ఎరిగి ఉండదు. ఆ బడితో యుమెకోకు తగాదా లేదు. జూదం ఆడటానికే ఆమె అక్కడికి వచ్చింది.

"అయితే మోసగాళ్ళను వదిలెయ్యమంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. వదలమని నేననటం లేదు. పందెం ఒడ్డినవాడు, ఓడిపోవటానికి ఎంత అవకాశముందో తెలిసి ఒడ్డుతాడు. మోసగాడు డబ్బుతోపాటు ఆ తెలివిడిని కూడా దొంగిలిస్తాడు. కనక ఓడినవాడికి అతని సొమ్ము తిరిగి రావాలి, మోసం బయటపడాలి. నేననేది ఏమిటంటే, మోసం తీసేసినంత మాత్రాన మిగిలినది న్యాయం కాదు. ఓడినవాడు ఇష్టపడి ఆడాడు గదా అనటానికి, ఆడను అనగల హక్కు అతనికి ఉండి ఉండాలి. హ్యక్కావోలో ఆ హక్కు లేదు. చెల్లించకపోతే మెడకు పలక పడుతుంది, చెల్లించాలంటే గెలవాలి, గెలవాలంటే ఆడాలి. అలాంటి చోట ముక్కలు ఎంత నిజాయితీగా పంచినా ఆట అన్యాయమే.

ఈ సంగతి మనవాళ్ళకు కొత్త కాకూడదు. భారతంలో జూదమనగానే మనం శకుని పాచికల్ని తిడతాం. ఆ పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవని వ్యాసుడు చెప్పని కథ కూడా కల్పించుకున్నాం. దోషమంతా పాచికల్లోనే ఉంటే మనకు సుఖం. మూలంలో శకుని ఏమంటాడు? తెలిసినవాడు తెలియనివాణ్ణి గెలవటం లోకంలో అన్ని చోట్లా ఉన్నదే, దాన్ని ఎవరూ మోసమనరు గదా అనే అర్థంలో వాదిస్తాడు. ధర్మరాజు జూదంలోని కపటాన్ని నిందించి కూడా, పిలిస్తే వెనుదీయను అంటూ కూచుంటాడు. అతన్ని బంధించినది పాచికలకన్న ముందు ఆ మాట.

మరి ద్రౌపది ఏమడిగింది? పాచికలు మంచివా, దొంగవా అని ఆమె అడగలేదు. ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని అడిగింది. తానే దాసుడైనవాడికి మరొక మనిషిని ఒడ్డే హక్కెక్కడిది అని ఆ ప్రశ్నకు అర్థం. శకుని పరమ నిజాయితీగా ఆడి గెలిచినా ఈ ప్రశ్న ఒక్క వెంట్రుకవాసి తగ్గదు. అందుకే సభకు అది మింగుడుపడలేదు. ధర్మం సూక్ష్మమన్నాడు భీష్ముడు. కౌరవుల్లో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన మాట్లాడి కర్ణుడిచేత చీవాట్లు తిన్నాడు. సభలో అంతమంది పెద్దలు కూచుని ఉండగా జరిగిన పనికి ఒక్క శకుని మీద నేరం మోపి ఊరుకోవటం, మేరీ తరగతి చేసిన పనే.

ఆటలో పోయినదాన్ని ఆటలో నేర్పు సంపాదించి రాబట్టుకోవచ్చుననే ఆశ కూడా భారతంలో ఉంది. నలుడు ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుని పుష్కరుణ్ణి గెలిచాడు. ఆ కథ చెప్పిన బృహదశ్వుడు ధర్మరాజుకు ఆ విద్య నేర్పాడు కూడా. దానితో ధర్మరాజుకు ఏం లభించింది? విరాటుడి కొలువులో కంకుడనే పేరుతో రాజుగారితో పాచికలాడే ఉద్యోగం లభించింది. రాజ్యం లభించలేదు.

మన న్యాయస్థానాలు కూడా చాలాకాలం ఆట స్వరూపం దగ్గరే ఆగాయి. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో పేకాట విషయమై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1967లో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తీర్పు చెప్పింది. తరువాత సెల్‌ఫోనుల్లో రమ్మీ నడిపిన కంపెనీలకు ఈ నేర్పు అనే మాట పెద్ద అండ అయింది. ముక్కలు కలిపే యంత్రం నిష్పాక్షికమని పరీక్షలు చేయించి ధ్రువపత్రాలు చూపించాయి. తొండి లేదు, కనక తప్పు లేదు అన్నది వాటి వాదం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇలాంటి పందేలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పుతో ఆడేదైనా అదృష్టంతో ఆడేదైనా డబ్బు పందెంగా సాగే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నిషేధం వల్ల జూదం నశిస్తుందా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది, ముక్కలెట్లా కలిశాయన్న ప్రశ్న నుంచి ఏది ఒడ్డుతున్నారన్న ప్రశ్న దగ్గరికి చట్టం వచ్చిందనేది.

మళ్ళీ ఆ బడికి వద్దాం. కథలో నీతి దృష్ట్యా అందరికన్న విలువైన పాత్ర యుమెకో కాదనీ, మోసం చేసి దొరికిపోయిన మేరీ అనీ నా అభిప్రాయం. మేరీ తరువాత ఆ నీచస్థితి నుంచి బయటపడుతుంది. విద్యార్థి సంఘంలో చేరమని అధ్యక్షురాలు మొమోబామి కిరారి స్వయంగా పిలుస్తుంది. అందులో చేరితే అందరి మెడలకూ పలకలు కట్టే అధికారం చేతికొస్తుంది. మేరీ చేరనంటుంది. పలక బరువెంతో ఆమెకు తెలిసింది. ఎవరికి తగిలించాలన్న విషయం వదిలి, అసలు అదెందుకుండాలన్న విషయం దాకా ఆమె వచ్చింది.

రచయిత ఈ సూత్రాన్ని చేతికి తీసుకుని కూడా చివరిదాకా లాగలేదు. పందెం మీద పందెం, ఉద్రేకం మీద ఉద్రేకం పెంచుతూ పోవటంలోనే కథ బలమంతా ఖర్చయింది. తరువాతి మోసం ఎలా బయటపడుతుందా అని మనం ఎదురుచూస్తాం గాని, పలకలు ఎప్పుడు ఊడతాయా అని ఎదురుచూడం. ఆ విధంగా పాఠకుడు కూడా ఆ తరగతిలో ఒక బల్ల మీద కూచుంటాడు. ఇది రచనలో ఉన్న లోపం. జనాదరణకు కారణం కూడా ఇదే కావచ్చు.

ఒక మోసగాడు పట్టుబడ్డాడని వినగానే మనం మూడు ప్రశ్నలు వేసుకోవటం మంచిది. మోసపోయినవాడికి పోయినది తిరిగి వచ్చిందా? మోసానికి చేతులు కలిపినవాళ్ళను, వాళ్ళ వాళ్ళ స్థితిని బట్టి, ఎవరైనా సంజాయిషీ అడిగారా? ఇష్టం లేనివాడు ఇప్పుడు ఆటలోంచి లేచిపోగలడా? మొదటి ప్రశ్నకు తరచుగా సమాధానం దొరుకుతుంది. రెండోదాన్ని ఎవరూ అడగరు. మూడోదాన్ని అడిగినవాణ్ణి ఆట చెరిపేవాడంటారు. అయినా మూడోదానికి "అవును" అన్న జవాబు వచ్చినదాకా, పట్టుబడినవాడు మారాడని చెప్పవచ్చు గాని, న్యాయం జరిగిందని చెప్పటానికి వీల్లేదు.