రెండో ఆల్టర్నేటర్

పోయిన నెల డాలస్‌లో మా పక్కింటాయన తన పాత మిలిటరీ బండిలోంచి ఆల్టర్నేటర్ విప్పుతుంటే టార్చి పట్టుకునే పని నాకు పడింది. 1980ల్లో షెవర్లే కంపెనీ అమెరికన్ సైన్యానికి చేసిచ్చిన ఎం1009 అది. చూడ్డానికి మామూలు బ్లేజరే. కానీ బ్యాటరీలు రెండు, ఆల్టర్నేటర్లూ రెండు. లైట్లకి 12 వోల్టులు చాలు, స్టార్టర్‌కి 24 కావాలి. అందుకని బ్యాటరీలని వరసగా కలిపారు: ఒకదాని ప్లస్సే రెండోదాని మైనస్. దాంతో రెండో ఆల్టర్నేటర్ మైనస్ దగ్గర కూడా 12 వోల్టులుంటాయి. స్పానర్ జారి బాడీకి తగిలితే నిప్పులే. ముందు బ్యాటరీ కేబుళ్ళు విప్పి, వైర్లకి చీటీలు కట్టి, ఆ తర్వాతే బెల్టు వదులు చేశాం.

ఇదే ఇంజను బయట అమ్మిన బండ్లలో 12 వోల్టులకే స్టార్టయ్యేది. మరి 24 ఎందుకు? నాటో సైనిక వాహనాల కొలత అది. ముందు గ్రిల్లో ఒక సాకెట్ ఉంటుంది. దారిలో ఆగిపోయిన ఇంకో బండికి అక్కణ్ణించి కేబుల్ వేసి లేపొచ్చు. అంటే రెండో ఆల్టర్నేటర్ ఉన్నది ఈ బండి ఒక్కదాని కోసమే కాదు, తోటి బండ్ల కోసం కూడా.

ఇప్పుడా తోటి బండ్లు లేవు కాబట్టి ఆయన తీసేయడంలో తప్పులేదు. నా ఉద్యోగంలో నేను చేసేదీ ఇదే. ఎవరూ పిలవని ఫంక్షన్ కనిపిస్తే తీసేస్తాను. కానీ తీసేముందు ఎవరైనా పిలుస్తున్నారేమో కోడంతా వెతుకుతాను.

ఇంట్లో వెతకలేదు. అపార్ట్‌మెంట్లో ఉన్న రోజుల్లో మా హాల్లో ఒక పరుపు ఎక్స్‌ట్రా ఉండేది. ఉద్యోగం పోయినవాళ్ళు, కొత్తగా దిగినవాళ్ళు దానిమీద పడుకునేవాళ్ళు. నేనూ ఒకప్పుడు అలాంటి పరుపు మీదే పడుకున్నాను. సొంతిల్లు కొన్నాక రెండేళ్ళు ఎవరూ రాలేదు. వాడట్లేదు కదా అని ఇచ్చేశాం. మొన్న చలికాలం కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయింది, వీసాకి 60 రోజుల గడువు. గది ఖాళీగానే ఉంది. నేను మాత్రం దగ్గర్లో ఉన్న హోటల్ పేరు చెప్పాను.

వాడకపోవడమూ, అక్కర్లేకపోవడమూ ఒకటి కాదు. పక్కవాడి కోసం ఉంచిన వస్తువు ఎక్కువ రోజులు ఊరికే పడే ఉంటుంది. దాని అవసరం తీరిందో లేదో నా ఇంట్లో కూచుని నేనొక్కణ్ణే ఎలా తేల్చాను?

12 వోల్టుల స్టార్టర్ బిగించాక పక్కింటాయన ఆ సాకెట్ వెనకాల కేబుళ్ళు కూడా పీకేశాడు. సాకెట్ మాత్రం అందంగా ఉంటుందని గ్రిల్లో అలాగే ఉంచాడు. నేనిప్పటికీ ఫోన్ పెట్టేసేముందు అందరితోనూ అంటుంటాను, "ఏమన్నా కావాలంటే చెప్పు" అని.