షావుకారు కొసరు

ఆనందపురం జంక్షన్లో తెల్లారకుండానే పూల బేరాలు మొదలవుతాయి. అక్కడ ఓ షావుకారు ఉండేవాడు. చామంతి తూచి, ముల్లు సరిగ్గా నిలిచాక కూడా ఇంకో గుప్పెడు తీసి సంచిలో పడేసేవాడు. కొసరు లేని బేరం ఆయన దృష్టిలో బేరమే కాదు. ఆ గుప్పెడు కోసమే జనం పక్క కొట్లు దాటుకుని మరీ ఆయన దగ్గరికి వచ్చేవారు.

పూల మీద కూడబెట్టింది పెట్టి జీడిపప్పు ఎగుమతిలోకి దిగాడు. పలాసలో కొనడం, విశాఖ రేవు మీదుగా దుబాయి పంపడం. ఎగుమతి కోడ్ నంబరు వచ్చింది, క్లియరింగ్ ఏజెంటు కుదిరాడు. డబ్బాకు 11.34 కిలోలు (పాతకాలపు 25 పౌన్ల లెక్క ఇంకా పోలేదు), అట్టపెట్టెకు రెండు డబ్బాలు. మొదటి ఆర్డరు 600 పెట్టెలు.

లారీకి సరుకు ఎక్కిస్తుంటే గుమాస్తాను పిలిచాడు.

"ఇంకో పది పెట్టెలు వెయ్యరా. మొదటి బేరం."

"కాగితంలో ఆరొందలే ఉందండి."

"ఎక్కువిస్తే ఎవడైనా తిడతాడేట్రా?"

ఎవడూ తిట్టలేదు. కంటైనర్ ఫ్రైట్ స్టేషన్లో సరుకు దించుతుంటే టాలీ రాసేవాడు 610 దగ్గర ఆగి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఏజెంటు ఫోన్ చేశాడు.

"షావుకారుగారూ, పది పెట్టెలు ఎక్కువొచ్చాయండి."

"అవి కొసరు బాబూ. డబ్బులు తీసుకోలేదు."

"తీసుకోలేదని కస్టమ్స్‌వాళ్లకెలా తెలుస్తుందండీ?"

అధికారి పది పెట్టెలూ విప్పించాడు. డబ్బాలు కోయించాడు. లోపల తెల్లటి గుండు పప్పే, వంక పెట్టడానికి లేదు. అయినా కస్టమ్స్‌కు దాఖలు చేసిన షిప్పింగ్ బిల్లు మీద 'లెట్ ఎక్స్‌పోర్ట్' ఆర్డరు పడలేదు. ఆ ఆర్డరు లేని సరుకును ఓడ ఎక్కించుకోదు. సంజాయిషీ రాసి, సవరణకు అర్జీ పెట్టి తిరిగేలోగా కటాఫ్ గడువు దాటింది, ఓడ వెళ్లిపోయింది. గోడౌను అద్దె, బుక్ చేసిన కంటైనర్‌కు ఖర్చులు, పండక్కి సరుకు అందలేదని కొన్నవాడి దెప్పుళ్లు. కొసరు పెట్టబోతే అసలుకే ఎసరొచ్చింది.

నీతి: రేవు దాటే సరుకులో కొసరును కూడా కాగితం మీద పెట్టే ఇవ్వాలి.

షావుకారుది దొంగబుద్ధి కాదు, నాకైతే ఆయన మీద జాలే. కానీ పూల కొట్లో అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా ఉంటారు, త్రాసు ఇద్దరి మధ్యా ఉంటుంది. రేవులో ఆ పెట్టెల్ని చూసేవాళ్లెవరికీ షావుకారు ముఖం తెలియదు. వాళ్లకు తెలిసింది షిప్పింగ్ బిల్లు, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు. 1962 నాటి కస్టమ్స్ చట్టం 113వ సెక్షను ప్రకారం, కాగితంలో రాసినదానికి మించి ఉన్న సరుకు జప్తుకు లోబడుతుంది. ఊరికే ఇచ్చారా అమ్మారా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. అతి అనిపించవచ్చు. మన ఎర్రచందనం దుంగలు వేరే సరుకు పేరున్న కంటైనర్లలోనే దాక్కుని రేవులకు చేరాయి మరి. లెక్కలో లేని పెట్టె కనబడగానే అధికారికి ముందు తట్టేది అదే. బరువు సంగతీ ఉంది: 2016 జులై 1 నుంచి కంటైనర్ మొత్తం బరువును తూకంతో నిర్ధారించి రాసివ్వకపోతే ఓడలోకి ఎక్కించకూడదు. అంచనా బరువులను నమ్మి పేర్చితే ఓడలో దొంతరలు కూలవచ్చు.

ఇక కొసరు ఇవ్వాలనే ఉంటే దారి లేకపోలేదు. ఇన్‌వాయిస్‌లో ఇంకో వరస గీసి, ఆ పది పెట్టెలూ ఉచితమని రాసి, కస్టమ్స్ కోసం వాటి విలువ కూడా వెయ్యాలి. ఏజెంటు బిల్లు ముసాయిదా (చెక్‌లిస్టు) పంపినప్పుడే ఈ మాట చెప్పాలి. బిల్లు దాఖలయ్యాక కూడా 149వ సెక్షను కింద దిద్దించుకోవచ్చు గానీ, అప్పుడు అధికారి ఒప్పుకోవాలి, ఓడేమో ఆగదు.