ఒక్క రాత్రి పూవు



మనము తొట్లలో పెంచుకొనుచు బ్రహ్మకమలమని పిలుచు మొక్క నిజమునకు బ్రహ్మకమలము కాదు. ఆ పేరుగల అసలు పూవు హిమాలయములపై చలిసీమలలో పూయును. మన యిండ్లలోనిది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతముల నుండి వచ్చిన జెముడు జాతి. ముండ్లు కనబడవు గనుక ఎవరును పోల్చుకొనరు. ఆకువలె నుండునది ఆకు కాదు, బల్లపరుపైన కాండము. దాని అంచున మొగ్గ పుట్టి, కొన్ని వారములు పెరిగి, ఒకనాడు చీకటి పడిన పిమ్మట విచ్చుకొని, అర్ధరాత్రికి నిండుగా విరిసి, తెల్లవారుసరికి వాడి వ్రేలాడును. ఆ తెలుపు, ఆ పరిమళము మన కొరకు కావు. రాత్రివేళ తిరుగు రెక్కల పురుగులను పిలుచుటకు.

పిక్కిలిలో మా పెరటి మొక్క పూచిన రాత్రి ఇరుగుపొరుగువారు చూడవత్తురు. "తెల్లారితే ఎలాగూ వాడిపోతుంది కదా తాతయ్యా, కోస్తే తప్పేమిటి?" అని పిల్లలు అడుగుదురు.

పిల్లల ప్రశ్నలో దోషము లేదు. కాని ఆ "ఎలాగూ" అను మాటను నేను బజారులో పెద్దల నోట చాలమారులు వింటిని. వట్టిపోయిన ఆవును కబేళా బేరగానికి తోలువాడు ఎలాగూ చచ్చేదే అనును. ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసిన ముసలి గుమాస్తాను పండుగ ముందు మాన్పించువాడును ఎలాగూ ఎక్కువ కాలము చేయలేడనును. పాంజరాపోలుకు చందా వ్రాసిన చేతితోనే ఈ పనియు చేయువారు లేకపోలేదు.

పన్నెండు భావనలలో మొదటిది అనిత్య భావన. అది ఎవరిని గూర్చి చేయవలెను? నా దేహము, నా సొమ్ము, నా అంగడి నిలువవని నన్ను గూర్చి నేను తలపోయుటకే గాని, ఎదుటి జీవి ఆయువు కొంచెమని దానిని తేలికగా చూచుటకు కాదు. వనస్పతి ఏకేంద్రియ జీవి. మనకు ఒక్క రాత్రియైనది ఆ పూవునకు యావజ్జీవితము.

ఈ ధర్మపురి పూర్వము తగడూరు. ఇచట నిధియణ్ణ, చండియణ్ణ అను వర్తకపుత్రులు జినబసది కట్టించిరని 9వ శతాబ్దపు నొళంబ శాసనము చెప్పుచున్నది. రాజు తనకిచ్చిన ఊరిని నిధియణ్ణ 893లో ఆ బసది కొరకే ధారపోసెను. అనిత్యమన్న మాట వర్తకుని చేతిలో ఇట్లు ఖర్చు కావలెనని నా మతము.

పూవు పూచు రాత్రి చేయదగినది కొంచెమే. పెట్రోమాక్సు గాని పెద్ద విద్యుద్దీపము గాని మొక్కకడ పెట్టకుడు. వెలుగునకు వచ్చి పడునవి చతురింద్రియ జీవులు. వచ్చినవారికి కాఫీ ఫలహారములు సూర్యాస్తమయమునకు ముందే ముగింపుడు, రాత్రిభోజన దోషము పూవు పేర రానేల? వీలున్నవారు అచటనే కూర్చుండి నలుబదియెనిమిది నిమిషముల సామాయికము చేయవచ్చును. ఉదయమున వాడిన పూవును సయితము లాగకుడు. కొన్ని దినములలో అదియే రాలును.