విధి యను మాట

విధి యను మాట మన యిండ్లలో దినమునకు పదిమాఱులు వినబడును. పంట యెండినను విధియే. బిడ్డ చదువు మానినను విధియే. ముందుగా నిర్ణయింపబడినదని దాని కర్థము చెప్పుకొని మిన్నకుందుము. ఈ యర్థ మెంతవఱకు సరియో విచారింతము.

"వి" యను నుపసర్గతో గూడిన "ధా" ధాతువునుండి యీ పదము పుట్టినది. ఏర్పఱుచుట యని భావము. "ఇది చేయవలయు"నని యాజ్ఞాపించు వేదవాక్యమును మీమాంసకులు విధి యనిరి. "చేయుము, చదువుము" అనునవి విధ్యర్థకములని మేము బడిలో నేర్పుచున్నాము. ఉద్యోగి తన పనిని నేటికిని విధి యనియే చెప్పును. చేయుమని పలికిన మాటయే చేయునది లేదని పలుకుట యెంత విపరీతము!

మా కర్నూలు, కడప సీమలలో నీ మాటకు బని మెండు. నైరృతి మేఘములను పడమటి కనుమలు ముందే యడ్డగించును. వాన మన చేతిలోనిది కాదు, నిజమే. కాని 1876–78 నాటి ధాతు కఱవును తలపుడు. 1877లో సర్ రిచర్డ్ టెంపిల్ సిఫారసుపై కఱవు పనులలోని కూలిని దినమునకొక పౌను ధాన్యమునకును, స్వల్పమగు రొక్కమునకును తగ్గించిరి. ఆ యేండ్లలోనే దేశమునుండి ధాన్యము ఓడల కెక్కుచుండెను. ఇది బ్రహ్మవ్రాత గాదు. మనుష్యుని కలము వ్రాత. అంతకు బదేండ్లు ముందు, 1866 నాటి కఱవులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ గాదెలు తెఱచి యాకొన్నవారి కన్నము పెట్టిరి. వాన ఆయనకును తప్పినదే.

నా తప్పొకటి చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలోని బాలిక యొకతె, వేరుసెనగ పంట పోయినందున, తలిదండ్రులతో సుగ్గికి బోయినది. "దాని నొసట అట్ల రాసిండాది, అయ్యవారూ" అని తండ్రి యనెను. నేనును విధి యని తల యూచితిని. వసతిగృహములో నామెకు జోటు దొరకునేమో యని యడుగుటకైనను నేను బోలేదు. ఆ మాట తండ్రి నోట నోదార్పు. నా నోట తప్పించుకొనుట.

తన కష్టమును విధి యనుకొని యోర్చుకొనువానిని నేను దూషింపను. ఒరుల కష్టమును జూచి విధి యనునపుడు మాత్రము, బడిలో నేర్చిన యర్థము జ్ఞప్తికి దెచ్చుకొందము: చేయుము.