ఇల్లు అమ్మేటప్పుడు ఏం చెప్పాలి?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. పోయిన ఏడాది మా ఇంట్లో అదీ చూశాం.

హోసూరు దగ్గర పల్లెలో మా తాత కట్టిన ఇల్లు ఉండేది. మట్టి గోడలు, నాటు పెంకులు. తాత పోయాక అవ్వ మా దగ్గరికి వచ్చేసింది. ఆరేళ్ళు ఆ ఇంటికి తాళమే. బాగు చేయించడానికి డబ్బు లేదు. అక్క నర్సింగు ఫీజు కట్టాలి. అందుకని అమ్మేద్దామని నాన్న, చిన్నాన్న అనుకున్నారు.

తాత కట్టిన ఇంటిని అమ్మడం తప్పేమో అని నాకు బాధగా ఉండింది. అవ్వే సర్ది చెప్పింది. "ఖాళీగా కూలిపోయేదానికన్నా ఎవరో ఒకరు దీపం పెట్టుకుంటే మేలు కదా" అంది. కాబట్టి అమ్మడం తప్పు కాదు. అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది.

మట్టి గోడకు గాలి ఆడాలి. మా గోడలకు ఎప్పుడో సిమెంటు పూత వేయించారు. లోపలికి దిగిన తేమ బయటికి పోలేక గోడ మెత్తబడింది. గోడలో ఉన్న దూలం కొనను చెదలు తినేశాయి. పైకి ఏమీ తెలియదు. వంటింటి మూలలో తడి మరక ఒక్కటే కనపడేది. దాని మీద సున్నం కొట్టమన్నాడు చిన్నాన్న. బకెట్లో సున్నం కలిపి కొట్టింది నేనే.

ఇల్లు చూడటానికి ఒక లారీ డ్రైవరు భార్యనూ ఇద్దరు చిన్నపిల్లలనూ తీసుకుని వచ్చాడు. పిల్లలు నేరుగా ఆ మూలకే పోయి ఆడుకున్నారు. నాకు నోరు ఎండిపోయింది.

"కొనేవాడే చూసుకోవాలి. మనమేం అబద్ధం చెప్పలేదు కదన్నా" అన్నాడు చిన్నాన్న. కళ్ళకు కనపడేదానికి ఆ మాట సరిపోతుంది. మనమే కప్పేసినదాన్ని ఆయన ఎట్లా చూస్తాడు? మా సారును అడిగాను. మామూలుగా చూస్తే తెలియని పెద్ద లోపం ఉంటే, అది తెలిసిన అమ్మకందారు కొనేవాళ్ళకు చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉందన్నారు. చట్టం లేకపోయినా నాకు ఒకటి అనిపించింది. డబ్బు అవసరం మాది. దూలం కింద పడుకునేది వాళ్ళ పిల్లలు. మా కష్టాన్ని తీసుకుపోయి వాళ్ళ నెత్తిన పెట్టడం న్యాయమా?

సున్నం కొట్టిన సంగతి అవ్వకు చెప్పేశాను. అవ్వ నాన్నను పిలిచి, "రేపు అది ఏ బిడ్డ మీదనో పడితే ఆ డబ్బుతో అన్నం తినగలమా? చెప్పేయండ్రా" అంది. నాన్న వెంటనే ఆయనకు ఫోన్ చేశాడు.

ఆయన 80 వేలు తగ్గించి అడిగాడు. ఒప్పుకున్నాం. ఆ గోడ పడగొట్టి కొత్తగా కట్టుకున్నాడు. అక్క ఫీజు వాయిదాల్లో కడుతున్నాం. చిన్నాన్న ఇప్పటికీ ఆ 80 వేల మాట ఎత్తుతుంటాడు. నిజమే, మాకు అది చిన్న డబ్బు కాదు. కానీ ఈసారి వానలకు, రాత్రి ఉరుములు ఉరిమినప్పుడు, నేను ఆ పిల్లల్ని తలుచుకుని భయపడలేదు. అటు తిరిగి పడుకున్నాను.