రాళ్ల అడుగున కాపురాలు

వాగు ఒడ్డున నిలబడి చూస్తే మనకు నీరొక్కటే కనబడుతుంది. ఆ నీటి మంచిచెడ్డలు ఎరిగినవాళ్లంతా కింద ఉన్నారు. రాళ్ల అడుగున, ఇసుకలో, మురిగిన ఆకుల మధ్య వాళ్ల కాపురాలు. వెన్నెముక లేని ఆ చిన్న ప్రాణుల్ని చూసి ఏటి ఆరోగ్యం చెప్పే విద్య ఒకటుంది. మనిషి నేర్చిన విద్యల్లో ఇంత అందమైనవి తక్కువని నా నమ్మకం.

తూర్పు కనుమల్లో గలగలా పారే సెలయేట్లోంచి ఒక రాయిని తీసి తిప్పి చూడండి. మొదట తడి తప్ప ఏమీ ఉండదు. కాస్త ఓపిక పడితే ఆ తడే కదులుతుంది. రాయి రంగులో, రాయికి అంటుకుపోయినట్టున్న మేఫ్లై అనే పురుగు పిల్ల ఒకటి పక్కకు జరుగుతుంది. దాన్ని నీళ్ల గిన్నెలోకి దించి కళ్లు దగ్గర పెట్టి చూడాలి. వెనక దారాల్లా సన్నటి తోకలు, చాలా జాతుల్లో మూడు. పొట్టకు అటూ ఇటూ పలచటి మొప్పలు, ఆగకుండా అల్లాడుతూ! 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు పట్టి ఉంచగల ఆక్సిజన్ 9 మిల్లీగ్రాములే. ఆ పిసరులోంచే ఈ పిల్ల తన ఊపిరి తీసుకోవాలి. నెలల తరబడి ఇలా నీటిలో పెరిగి, చివరికి రెక్కలు తొడుక్కుని పైకి లేస్తుంది. రెక్కలొచ్చాక తిండి తినదు. చాలా జాతులకు గంటలో, ఒకటి రెండు రోజులో ఆయువు. దాని బతుకంతా నీటిలోనే గడిచింది మరి, నీటి సంగతి దానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పక్కనే కాడిస్‌ఫ్లై అనే మరో పురుగు పిల్ల. నోటి నుంచి పట్టుదారం తీస్తుంది. నీటి అడుగున కూడా అంటుకునే దారం అది! ఇసుక రేణువులు ఏరుకుని, ఒక్కొక్కదాన్ని కాళ్లతో తిప్పి చూసుకుని, సరిగ్గా కుదిరేచోట అతికిస్తుంది. రాతిగోడ కట్టే మేస్త్రి పనితనమే. అలా కట్టుకున్న గొట్టం ఇంటిని మోసుకుంటూ తిరుగుతుంది. దీని దాయాదులు కొన్ని ఇల్లు మానేసి, రాళ్ల సందుల్లో ప్రవాహానికి అడ్డంగా వల అల్లి, కొట్టుకొచ్చే తిండి కోసం కాచుకుంటాయి.

పరీక్షకని సీసాలో పట్టిన నీరు ఆ పట్టిన క్షణం సంగతే చెబుతుంది. అర్ధరాత్రి ఎవరో వదిలిన విషం తెల్లారేసరికి దిగువకు వెళ్లిపోతే పరీక్షకు దొరకదు. ఈ ప్రాణులు మాత్రం ఆ రాత్రంతా అక్కడే ఉన్నాయి. తట్టుకోలేనివి పోతాయి. వాటి చోటు వారాలపాటు ఖాళీగా ఉండిపోతుంది.

ఈ పురుగులన్నిటిలో సుకుమారి స్టోన్‌ఫ్లై. చల్లగా, శుభ్రంగా, ఉరకలేస్తూ పారే నీరుంటేనే దాని బతుకు. మురుగు చేరి ఆక్సిజన్ అడుగంటిన చోట కైరోనమిడ్ దోమల పిల్లలు కనిపిస్తాయి. ఇవి కుట్టే దోమలు కావు. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్ లాంటిదే వాటి ఒంట్లోనూ ఉంది, అందుకే కొన్ని అంత ఎర్రగా ఉంటాయి. వాటిని చూసి అసహ్యపడనక్కర్లేదు. గాలి ఆడని బురదలో ప్రాణం నిలుపుకోవడమూ గొప్పే. ఆ ఎర్రపురుగులు తప్ప ఇంకేమీ మిగలకపోతేనే భయపడాలి.

ప్రాణుల్ని బట్టి నీటిని అంచనా కట్టే ఈ చూపుకు జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908, 1909లలో ఒక పద్ధతి ఏర్పరిచారు. 1970ల చివర్లో బ్రిటన్‌లో ఈ ప్రాణుల ఒక్కో కుటుంబానికి ఇన్ని మార్కులని లెక్క కట్టారు. స్టోన్‌ఫ్లై కుటుంబాల్లో చాలావాటికి 10, కైరోనమిడ్‌లకు 2, వానపాము జాతి నీటి పురుగులకు 1. ఒక్కటి దొరికినా, వంద దొరికినా అవే మార్కులు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ తరహా లెక్కతోనే నీటిని ఐదు తరగతులు చేసింది. శుభ్రమైన నీటికి నీలం రంగు, బాగా చెడిన నీటికి ఎరుపు.

ఒక్క జాగ్రత్త. నిలవ నీటి చెరువులో స్టోన్‌ఫ్లై లేదని చెరువును తప్పుపట్టకూడదు, అది దాని చోటు కాదు. అలాంటి రాళ్లూ అలాంటి పారుదలా ఉన్న మంచి వాగుతోనే మన వాగును పోల్చాలి.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సన్నకన్నుల వల, తెల్ల పళ్లెం, భూతద్దం చాలు. మోకాటి లోతు నీళ్లలో వలను దిగువన పట్టి, దానికి ఎగువన కాలితో అడుగును కదిపితే లేచినవన్నీ వలలోకి కొట్టుకొస్తాయి. వానలు తగ్గాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి పిల్లల్ని వెంటబెట్టుకుని మీ ఊరి వాగులోకి దిగండి. ఏమేం కనిపించాయో తేదీ వేసి రాసిపెట్టండి. పళ్లెంలో నీరు వేడెక్కకముందే అన్నిటినీ పట్టినచోటే వదిలేయండి.