పాత బండిని అప్పగించిన దినము

కారు కొనుట మన పల్లెలలో ఒకప్పుడు దొరల యింటి సంగతి. 1983లో మారుతి 800 వచ్చిన పిమ్మటగాని చిన్న జీతగాని వాకిటికి కారు రాలేదు. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దుబాయి, మస్కట్‌లకు పోయివచ్చినవాని యింటిముందర గాని, మామిడితోట గల రైతు వాకిట గాని కారు నిలిచియుండిన ఎవరును వింతగా చూడరు. కొన్నది పాతబడును. పాతదానిని అప్పగించి, దాని వెలను తగ్గించుకొని, క్రొత్తదానిని తెచ్చుకొందురు. దీనిని ఎక్స్ఛేంజి అందురు. ఇందులో పాపపుణ్యముల ప్రసక్తి యెక్కడిదని మీరు అడుగవచ్చును. నేనును అట్లే అనుకొంటిని.

మా బండి 2013లో కొన్నది. అప్పటికి జగిత్యాలయు సిరిసిల్లయు కరీంనగరు జిల్లాలోనివే గనుక దాని నంబరు ఏ.పి. 15తో మొదలగును. 2016 అక్టోబరులో ఇవి వేర్వేరు జిల్లాలై, జగిత్యాలకు 21, సిరిసిల్లకు 23 అను నంబర్లు వచ్చినను పాత బండ్ల నంబర్లు మారలేదు. ఈ నంబరు సంగతి జ్ఞాపకముంచుకొనుడి.

2022 జూలైలో కురిసిన వానలు మన జిల్లావారు మరచునవి కావు. మా దొడ్డి పల్లములో నున్నది. తెల్లవారి లేచి చూచునప్పటికి బండి సీట్ల వరకు నీళ్లలో నిలిచియుండెను. పాత బండియే గదా అని నేను థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే కట్టుచుంటిని. అట్టి పాలసీలో నీటివలన మన బండికి కలిగిన నష్టమునకు ఒక్క రూపాయియు రాదు. అందుచేత క్లెయిము లేదు, క్లెయిము లేదు గనుక ఏ కాగితముమీదను ఆ నీటి జాడ లేదు. మెకానిక్ సీట్లు విప్పి ఎండబెట్టి, నూనెలు మార్చి, మొత్తముమీద నడిపించెను. కాని తీగలు కలియుచోట్ల చిలుము పట్టినదనియు, అది లోలోపల పెరుగుచునే యుండుననియు, వైరింగంతయు మార్చినచో ఇరువది అయిదు వేలు అగుననియు చెప్పెను. తరువాత చూతములే అంటిని.

ఒక రాత్రి కోరుట్లనుండి నా కూతురును, మనుమరాలిని తీసికొని వచ్చుచుంటిని. 63వ జాతీయ రహదారిమీద ఎదురుగా లారీ వచ్చుచుండగా మా ముందు దీపములు రెండును ఒక్కసారిగా ఆరిపోయెను. మూడు నాలుగు క్షణములే. మరల వాటంతట అవే వెలిగెను. పాప నిద్రలేవలేదు. ఇంటికి వచ్చి నేను కూతురుతో, "బిడ్డా, చీకటి పడ్డదంటే ఈ బండిని ముట్టకు" అని గట్టిగా చెప్పితిని. ఆ మాట నా నోటినుండి వచ్చినదే.

2025 సెప్టెంబరు 22న చిన్న కార్లమీది జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గెను. సెస్సును పోయెను. క్రొత్త బండి వెల దిగినప్పుడు పాత బండి వెలయు దిగక తప్పదు. మా అల్లుడు, "మామా, ఆలస్యం చేస్తే మన పాతదాన్ని ఎవ్వడు అడుగడు" అనెను. అక్టోబరులో ఒక షోరూమునకు పోయితిమి.

సాధారణముగా ఒకడు ఒక దినమున కొనువాడై యుండును, వేరొక దినమున అమ్మువాడై యుండును. ఎక్స్ఛేంజిలో మాత్రము అదే మనుష్యుడు, అదే బల్లయొద్ద, అదే గంటలో రెండును అగును. ఆ గంటలో నేను చేసినదానిని వ్రాసెదను. క్రొత్త బండి ఏ నెలలో తయారైనదని అడిగితిని. టైర్లమీది తేదీ చదివించితిని. వెనుక తలుపు అంచున వెండ్రుకంత గీత కనబడగా, వేరే బండి తెప్పింపుమని అరగంట వాదించితిని. నా డబ్బు, నా హక్కు. అదే సమయమున బయట ఒక పిల్లవాడు మా పాత బండిని చూచుచుండెను. పరికరముతో రంగు మందమును కొలిచెను, కంప్యూటరు తగిలించెను. లోపలికి వచ్చి, "యాక్సిడెంటు ఏమన్న అయ్యిందా సార్?" అని అడిగెను. లేదంటిని. అది నిజమే. "అయితే బండి మంచిగున్నట్టే, రాసుకుంటున్న" అని నా ముఖము చూచెను. నేను టీ గ్లాసు చేతికి తీసికొంటిని.

అబద్ధమాడలేదు గదా! దారి పొడుగునను ఈ మాటతోనే నన్ను నేను బుజ్జగించుకొంటిని. కొనువాడు సరకును చెడ్డది చెడ్డది అని తీసిపారవేసి, ఇంటికి పోయినపిదప తన బేరమును మెచ్చుకొనుటను గూర్చి సామెతల గ్రంథములో నున్నది. షోరూమువారును మా బండి వెలను అట్లే తగ్గించిరి. వారు చేసినది వారు చేసిరి, నేను చేసినది నేను చేసితిని, చెల్లుకు చెల్లు అనుకొంటిని. కాని ఒకే సంచిలో పెద్ద తూనికరాయిని చిన్న తూనికరాయిని ఉంచుకొనరాదని మోషే ధర్మశాస్త్రము చెప్పుట మీరెరుగుదురు. కోమటి కొట్టును గూర్చియే అది వ్రాయబడినదని నేను ఎన్నాళ్లో అనుకొంటిని. వెండ్రుకంత గీతకు అరగంట వాదించి, ఆరిపోవు దీపములకు నోరు మూసికొనినవాని సంచిలో ఎన్ని రాళ్లున్నవి?

మనస్సు నిలువక మా సంఘములోని ఒక వకీలును అడిగితిని. ఆయన నవ్వి, 1872 నాటి కాంట్రాక్టు చట్టము తీసి పదునేడవ సెక్షను చూపెను. మోసమనగా ఏమో అందులో చెప్పి, ఉదాహరణలిచ్చిరి. కారులు లేని కాలము గనుక ఉదాహరణ గుఱ్ఱము. ఒకడు తన గుఱ్ఱమునకు జబ్బున్నదని తెలిసియు వేలములో ఏమియు చెప్పక అమ్మును. అది మోసము కాదు. నాకు ప్రాణము లేచివచ్చెను. తరువాతి ఉదాహరణలో కొనునది అమ్మువాని కూతురే, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. ఇక్కడ ఆ సంబంధమునుబట్టియే చెప్పుట తండ్రికి విధి యగును. ఆ వెనుక మూడవది. నీవు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదనుకొందునని కొనువాడు అనగా అమ్మువాడు ఊరకుండును. ఆ మౌనము మాట పలికినదానితో సమానము.

టీ గ్లాసు జ్ఞాపకమువచ్చెను. మూడవదానిని చూచిన చట్టముయెదుటను నా పని అంత శుభ్రముగా లేదు. కాని నన్ను ఎక్కువగా పట్టుకొన్నది రెండవది. గుఱ్ఱము అదే, జబ్బు అదే, ఎదుట నిలిచినది కూతురైనచో చెప్పవలెను. నేనును అక్షరాల అట్లే చేసితిని గదా. కూతురుతో ముట్టకుమంటిని, షోరూములో ఊరకుంటిని. చట్టము మనుష్యులందరిని కూతుళ్లుగా చూడజాలదు. అట్లు చూచినచో న్యాయస్థానములు చాలవు. అయితే పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్రోపదేశకుడు అడుగగా యెరికో త్రోవలో దెబ్బలు తినిన మనుష్యుని కథ వినిన మనము ఆ చట్టముతోనే సరిపెట్టుకొనవచ్చునా?

మా అల్లుడు తెలివిగలవాడు. "వాళ్లకు మనకంటె ఎక్కువ తెలుసు మామా, చూసుకొనే తీసుకున్నరు" అనెను. ఈ మాటలో బలమున్నది, తీసివేయరాదు. షోరూమువారు మనవలె అమాయకులు కారు. వారికి నష్టము వచ్చునని నేను రాత్రులు మేల్కొని ఏడ్చుట లేదు. కాని షోరూమువాడు ఆ బండిలో రాత్రివేళ ప్రయాణము చేయడు. అతడు దానిని ఏదో ఆటో కన్సల్టెన్సీకి ఇచ్చును, వారు ఇంకొకనికి అమ్ముదురు. బండి ఒక్కొక్క చేయి మారినకొలది మునుపటివానికంటె తక్కువ డబ్బు గలవాని యొద్దకు చేరును. లోపము మాత్రము తగ్గదు, చిలుమువలె పెరుగును. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మన పెద్దలు ఊరకనే అనలేదు. పాతబడినందుకు తగ్గు వెల వేరు. అది అందరికిని కనబడును, అందరును దానిని లెక్కలో వేసికొందురు. దాచిన లోపముయొక్క వెల ఎవరి లెక్కలోను లేదు. నేను చెప్పియుండినచో ఇరువది వేలో ముప్పది వేలో తగ్గియుండును. ఆ నష్టము ఎవరిది? నా దొడ్డిలో, నా బండిమీద నిలిచిన నీటిది. రాత్రివేళ గట్టు తెగగొట్టి తన మడిలోని మురుగును క్రిందివాని పొలములోనికి విడుచు రైతును మనము ఊరిలో ఏమందుమో, ఇక్కడ వ్రాయనక్కరలేదు.

ఇక్కడ ఒక మాట. షోరూములో మనచేత ఫారము 29, ఫారము 30 అని సంతకములు చేయించుకొందురు. మనము చదువక చేసి, ఇక ఆ బండికిని మనకును సంబంధము తెగినదనుకొందుము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అమ్మినవాడు పదునాలుగు దినములలో రిజిస్టరు చేయు అధికారికి తెలియజేయవలెను. బండి చేతులు మారియు పేరు మారని ఒక ప్రమాదపు కేసులో రికార్డులో పేరున్నవాడే యజమాని, పరిహారమునకు బాధ్యుడు అతడే అని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పెను. డీలరుల విషయమై 2023 ఏప్రిల్ నుండి క్రొత్త నియమములు వచ్చినవి. కాబట్టి మీలో ఎవరైనను పాత బండిని ఇచ్చియుండినచో, పేరు మారినదో లేదో రేపే చూచుకొనుడి.

రెండు నెలలైన తరువాత ఒక పెండ్లికి వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయితిని. సాంచాల చప్పుడు వినబడు ఒక వీధిలో, వేపచెట్టు క్రింద మా పాత బండి నిలిచియుండెను. నంబరు చూచితిని. మనుమరాలు సైకిలుతో కొట్టిన సొట్టయు అట్లే యుండెను. అద్దమునుండి చిన్నపిల్లల చెప్పు ఒకటి వ్రేలాడుచుండెను. దారి మార్చుకొని పోవుదునా అని నిజముగా అనుకొంటిని. పది అడుగులు పోయితిని కూడ.

యజమాని ముప్పది యేండ్ల వయసువాడు. తండ్రి సాంచాలు నడుపును, తల్లి బీడీలు చుట్టును. మస్కట్‌లో నాలుగేండ్లుండి వచ్చి, మిగిలిన డబ్బుకు ఫైనాన్సు కలిపి బండి కొన్నాడు, కిరాయికి నడుపుచున్నాడు. ఎట్టి కిరాయిలు వచ్చునని అడిగితిని. "ఎక్కువ రాత్రిపూట దవాఖాన కిరాయిలే సార్, కరీంనగర్‌కు" అనెను.

ఆ మాట విన్నపిదప నేను చెప్పక యుండలేకపోయితిని. నీళ్ల సంగతి, దీపముల సంగతి అంతయు చెప్పితిని. అతడు కోపపడునని ఎదురుచూచితిని. కొంతసేపు బండివైపు చూచి, "రెండుసార్లు లైట్లు పోయినయి సార్. ఒకసారి లోపల కాన్పు మనిషి ఉన్నది. నా నసీబే అసొంటిదనుకున్న" అనెను. తరువాత మెల్లగా అడిగెను. "దీన్ని ఇచ్చేసి వేరేది తీసుకుందామని తిరుగుతున్న. ఇప్పుడు మీరు చెప్పిండ్రు గద. నేను చెప్తె ఎవడు తీసుకుంటడు? చెప్పకపోతె ఎట్ల? ఇంకా పందొమ్మిది కిస్తులు ఉన్నయి నాకు."

నాకు జవాబు దొరకలేదు. చెప్పుమని అతనికి బోధించుటకు నాకు నోరేది? చెప్పకుమనుటకు మొదలే లేదు. వైరింగు ఖర్చు నాది అంటిని. వద్దనెను, ఆపైన తలవంచుకొని సరే అనెను.

తరువాతి బుధవారము డబ్బు తీసికొని మరల పోయితిని. మెకానిక్ షెడ్డులో బండిని విప్పి పెట్టియుండిరి. సీట్లు తీసి గోడకు ఆనించి, క్రింది మ్యాటును ఎత్తుచుండిరి. దాని అడుగున మా దొడ్డి మట్టి పలకలు పలకలుగా ఎండియుండెను.